ఎసొటెరిక్ క్రిస్టియానిటీ: ఒకే పేరు కింద కలిసిపోయిన మూడు సంగతులు

అడిగిన ప్రశ్న ఇది: ఎసొటెరిక్ క్రిస్టియానిటీ, అంటే గుప్త క్రైస్తవం, ఎక్కడి నుంచి వచ్చింది? యేసు శిష్యులకు చాటుగా వేరే బోధ చెప్పాడా? దాన్ని చర్చి తర్వాత తొక్కిపెట్టిందా?

ముందు చిన్న జవాబు ఇస్తాను. ఈ పేరు కింద మూడు వేర్వేరు సంగతులు కలగాపులగంగా ఉన్నాయి. మొదటిది, తొలి శతాబ్దాల సంఘం కొత్తగా చేరేవాళ్లకు బోధను విడతలవారీగా ఇచ్చిన పద్ధతి. రెండోది, 2వ శతాబ్దంలో గ్నోస్టిక్ (జ్ఞానంతోనే ముక్తి అనే) వర్గాలు చేసిన వాదన: అపొస్తలుల రహస్య పరంపర తమ దగ్గర మాత్రమే ఉందని. మూడోది, 19వ శతాబ్దం చివర దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్లూ, వాళ్ల చుట్టుపక్కల వాళ్లూ కట్టిన సిద్ధాంతం. ఇవాళ వీడియోల్లోనూ వాట్సాప్‌లోనూ తిరిగేది చాలావరకు ఈ మూడోదే. దానికి సాక్ష్యంగా చూపించే వాక్యాలు మాత్రం మొదటి రెండింటివి. గందరగోళమంతా ఇక్కడే పుడుతోంది.

సువార్తలతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ ఎత్తిచూపే వాక్యం అక్కడే ఉంది. మార్కు 4:11లో దేవుని రాజ్యమర్మం శిష్యులకు అనుగ్రహించబడిందనీ, వెలుపలివారికి అన్నీ ఉపమానాలుగానే అందుతాయనీ యేసు అంటాడు. 4:34లో శిష్యులకు విడిగా అన్నీ వివరించాడని కూడా ఉంది. అంతవరకు చదివి ఆపేస్తే రహస్య బోధ ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఆ విడి వివరణ ఎక్కడుంది? 4:13 నుంచి 4:20 దాకా, అదే పేజీలో ఉంది. విత్తనం వాక్యమనీ, రాతినేల ఎవరో, ముళ్లపొదలు ఏమిటో అక్కడే రాసి ఉంది. ఇంకా రెండు వాక్యాలు దాటితే, దాచినదేదీ బయటపడకుండా ఉండదన్న మాట వస్తుంది. మత్తయి 10:27లో "మీకు చెవిలో చెప్పబడినది మేడలమీద ప్రకటించుడి" అని ఆజ్ఞ. యోహాను 18:20లో ప్రధానయాజకుడి ఎదుట, తాను రహస్యంగా ఏమీ మాట్లాడలేదని యేసు చెప్తాడు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే, విషయం వినేవాడి సిద్ధతను బట్టి తెరుచుకుంటుందని తేలుతుంది. శాశ్వతంగా కొందరి గుప్పిట్లో ఉండాల్సిన బోధ అని మాత్రం తేలదు.

పౌలు కూడా ఇదే బాటలో ఉన్నాడు. 1 కొరింథీయులకు 2:6లో సంపూర్ణులైనవారి మధ్య జ్ఞానం బోధిస్తున్నామంటాడు. 3:2లో మీకు పాలే ఇచ్చాను, గట్టి ఆహారం ఇవ్వలేదంటాడు. హెబ్రీయులకు 5:12-14లోనూ ఇదే పోలిక. తర్వాతి రెండు వందల ఏళ్లలో రహస్య జ్ఞానం గురించి మాట్లాడిన ప్రతివాడూ, సనాతన పక్షమైనా (అంటే ప్రధాన సంఘం వైపువాడైనా) గ్నోస్టిక్ పక్షమైనా, ఈ నాలుగైదు వాక్యాల మీదే ఇల్లు కట్టుకున్నాడు.

ఇక మొదటి సంగతి, విడతల బోధ. దీని గురించి మన దగ్గర చాలా స్పష్టమైన వివరాలున్నాయి, అందుకే దీని మీద ఎక్కువసేపు నిలబడటం న్యాయం. మొదటే గుర్తుంచుకోవాల్సింది: ఇది అపొస్తలుల కాలం నుంచీ ఒకే తీరుగా ఉన్నది కాదు. సుమారు 155లో జస్టిన్ మార్టిర్ రోమ్ చక్రవర్తికి రాసిన విన్నపంలో బాప్తిస్మం ఎలా ఇస్తారో, రొట్టె, ద్రాక్షారసం ఎలా పంచుతారో అన్యులు చదవడానికే వివరంగా రాశాడు. దాపరికం బలపడింది తర్వాత, ముఖ్యంగా 4వ శతాబ్దంలో. 313 తర్వాత క్రైస్తవం మీద నిషేధం పోయి జనం గుంపులుగా రావడం మొదలైంది. అప్పుడు బాప్తిస్మానికి, ప్రభువు బల్లకు గౌరవం తగ్గకుండా చూసుకోవడానికి బిషప్పులు ఈ కట్టుబాటును గట్టిచేశారని నా అంచనా. హింస ఉన్న రోజుల్లో ప్రాణభయంతో పుట్టిన గోప్యత ఇది అనేవాళ్లున్నారు. అదే నిజమైతే హింస ఆగాక సడలాలి. జరిగింది తిరగబడి ఉంది.

పద్ధతి ఇలా ఉండేది. చేరాలనుకునేవాడు ముందు ఉపదేశార్థి, అంటే బాప్తిస్మానికి ముందు బోధ నేర్చుకునేవాడు, అవుతాడు. హిప్పోలిటస్ పేరు మీద వచ్చిన సంఘక్రమ గ్రంథం ఈ దశకు 3 ఏళ్లు చెప్తుంది. ఆదివారం ఆరాధనలో లేఖన పఠనం, ప్రసంగం వినవచ్చు. ఆ తర్వాత వాళ్లను బయటికి పంపి తలుపులు వేసేవారు. తూర్పు ఆర్థడాక్స్ ఆరాధనలో విశ్వాస ప్రమాణానికి (నమ్మేదాన్ని కుదించి చెప్పే పాఠానికి) ముందు "ద్వారాలు! ద్వారాలు!" అని డీకన్ (ఆరాధనలో సహాయకుడు) పిలిచే పిలుపు ఇప్పటికీ మిగిలి ఉంది. అది ఆ రోజుల ఆనవాలే.

380ల తొలి ఏళ్లలో యెరూషలేము వెళ్లిన ఎగేరియా అనే యాత్రికురాలు అక్కడి తీరును రాసిపెట్టింది. ఈస్టర్‌కు ముందున్న ఉపవాస వారాల్లో రోజూ పొద్దున్నే 3 గంటలపాటు బిషప్ బాప్తిస్మార్థులకు లేఖనాలు చెప్పేవాడు. 5 వారాలు అయ్యాక విశ్వాస ప్రమాణం నోటితో అప్పగించేవాడు. వాళ్లు దాన్ని కంఠతా పట్టి, మళ్లీ బిషప్ ముందు ఒప్పజెప్పాలి. బాప్తిస్మం ఈస్టర్ రాత్రి. ఆ రాత్రి ఏం జరిగిందో దాని అర్థం మాత్రం ముందు చెప్పరు. ఈస్టర్ తర్వాతి వారంలో, తలుపులు మూసి, బాప్తిస్మం పొందినవారికే చెప్తారు. ఆ వివరణ విని లోపలివాళ్లు కొట్టే చప్పట్లు బయటికి దూరం దాకా వినబడేవని ఎగేరియా రాసింది.

ఆ మూసిన తలుపుల వెనక ఏం చెప్పేవారో మనకు తెలుసు. యెరూషలేము బిషప్ సిరిల్ పేరు మీద ఉన్న 5 ప్రసంగాలు దొరుకుతున్నాయి (అవి ఆయనవా, ఆయన తర్వాతి బిషప్ యోహానువా అన్న చర్చ ఉంది). పడమర వైపు తిరిగి, చెయ్యి చాపి, సాతానును ఎదురుగా ఉన్నట్టే ఎంచి తిరస్కరించడం, తర్వాత తూర్పుకు తిరిగి విశ్వాసం ఒప్పుకోవడం, బట్టలు విడవడం, నూనె అభిషేకం, 3 సార్లు మునగడం, నుదుటికి, చెవులకు, ముక్కుకు, రొమ్ముకు పరిమళ తైలం పూయడం. రొట్టె తీసుకునేటప్పుడు రాజును స్వీకరించే సింహాసనంలా ఎడమచేతిని కుడిచేతి కింద పెట్టి, అరచేతిని దొప్పలా చేయాలనీ, రొట్టెలో ఒక్క తునక కూడా కింద పడనివ్వొద్దనీ చెప్తాడు. ఆ ప్రసంగాల్లో ఉన్నదంతా ఇంతే. కర్మ సిద్ధాంతం లేదు, పునర్జన్మ లేదు, యేసుకు వేరే చరిత్ర లేదు. విన్నదానికంటే చూసినది ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది కనుక అనుభవం అయ్యేవరకు ఆగానని మొదటి ప్రసంగంలోనే కారణం చెప్తాడు.

ఈ కట్టుబాటు ఎంత గట్టిగా ఉండేదంటే, 5వ శతాబ్దపు చరిత్రకారుడు సోజోమెన్ నైసియా విశ్వాస ప్రమాణం పాఠాన్ని తన చరిత్రలో చేర్చబోయి, బాప్తిస్మం లేనివాళ్లు కూడా చదువుతారని స్నేహితులు వారించడంతో మానుకున్నాడు. ఇవాళ ఏ పాటల పుస్తకం చివరనైనా ఉండే ప్రమాణం అది. తర్వాత పెద్దల బాప్తిస్మం తగ్గి పసిపిల్లల బాప్తిస్మం మామూలైంది. బయట నిలబెట్టాల్సినవాళ్లే లేకపోయాక ఆ పద్ధతి దానంతటదే పోయింది. ఎవరూ దాన్ని నిషేధించలేదు.

ఈ విడతల బోధకు దగ్గరగా ఉన్నది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరపు బోధకుల ఆలోచన. అక్కడి క్లెమెంట్ (సుమారు 150–215) పరిపూర్ణ క్రైస్తవుణ్ణి గ్నోస్టిక్ అనే పిలుస్తాడు, జ్ఞాని అన్న అర్థంలో, ఆ వర్గాల పేరుగా కాదు. కొన్ని విషయాలు రాతలో పెట్టడానికి భయపడి కావాలనే వదిలేశానంటాడు. పునరుత్థానం తర్వాత ప్రభువు యాకోబుకు, యోహానుకు, పేతురుకు జ్ఞానం అప్పగించాడన్న ఆయన మాటను యూసేబియస్ ఉదాహరించాడు. కనుక సనాతన సంఘంలోనే లోతైన జ్ఞానం అన్న ఆలోచన ఉందన్నది నిజం, దాన్ని కాదనకూడదు. అయితే ఆ లోతు ఏ రకానిదో అదే నగరపు బోధకుడు ఓరిజెన్ దగ్గర చేత్తో పట్టుకుని చూడవచ్చు.

ఓరిజెన్ (సుమారు 185–254) లేఖనానికి మనిషికున్నట్టే శరీరం, ప్రాణం, ఆత్మ ఉన్నాయంటాడు. లూకా 10లోని మంచి సమరయుడి కథ తీసుకోండి, దొంగలు కొట్టి వదిలేసిన మనిషిని యాజకుడూ లేవీయుడూ దాటిపోతే ఒక సమరయుడు ఆదుకున్న కథ. కిందికి దిగిపోతున్న మనిషి ఆదాము. యెరూషలేము పరదైసు, యెరికో ఈ లోకం. దొంగలు శత్రుశక్తులు. పక్కనుంచి పోయిన యాజకుడు ధర్మశాస్త్రం, లేవీయుడు ప్రవక్తలు. సమరయుడు క్రీస్తు. గాయాలు అవిధేయత. ఎక్కించిన వాహనం ప్రభువు దేహం. పూటకూళ్లిల్లు సంఘం. రెండు దేనారాలు తండ్రి, కుమారుడు. పూటకూళ్లవాడు సంఘాన్ని చూసుకునే పెద్ద. మళ్లీ వస్తానన్న మాట రెండో రాకడ. దీన్ని తనకు ముందున్న ఒక పెద్ద చెప్పాడని ఓరిజెనే అంటాడు, అంటే నోటి పరంపర నిజంగానే ఉంది. కానీ ఇది ఆయన చాటుగా చెప్పింది కాదు, సంఘంలో ప్రసంగంగా చెప్పింది. తెలుగు సంఘాల్లో ఇప్పటికీ ఈ కథ మీద ప్రసంగించే బోధకులు చాలామంది తెలిసో తెలియకో ఈ అర్థాలే చెప్తుంటారు.

క్రైస్తవం రహస్య సిద్ధాంతమని 2వ శతాబ్దంలో సెల్సస్ అనే అన్య తత్త్వవేత్త ఎత్తిపొడిచిన దానికి, సుమారు 248లో ఓరిజెన్ జవాబు రాశాడు: కన్యక గర్భం, సిలువ, పునరుత్థానం, తీర్పు లోకమంతా ఎరిగినవే, జనసామాన్యానికి చెప్పేవి కాక లోపల ఇంకొన్ని ఉండటం తత్త్వవేత్తల దగ్గరా ఉన్నదే అని. ఈ జవాబులో రెండో సగాన్ని మాత్రమే ఎత్తి చూపించడం నేటి పుస్తకాల అలవాటు. మొదటి సగంతో కలిపి చదవండి.

రెండో సంగతి గ్నోస్టిక్కులు. వీళ్ల వాదన వేరు. బయటి సంఘం దగ్గర ఉన్నది సగమే, మా గురుపరంపరలో అసలుది ఉందన్నారు. వాలెంటినస్ అనుచరులు తమ గురువు పౌలు శిష్యుడు థ్యూడాస్ దగ్గర విన్నాడని చెప్పుకునేవారు. బాసిలిడీస్ వర్గం పేతురు దుబాసీ గ్లాకియస్ పేరు చెప్పేది. వాలెంటినస్ వర్గం మనుషుల్ని మూడు రకాలు చేసింది: భౌతికులు, ప్రాణసంబంధులు, ఆత్మసంబంధులు. మామూలు విశ్వాసులు రెండో రకం, తాము మూడో రకం. ఓరిజెన్ దగ్గర ఎవరైనా ఎక్కగల మెట్లు, వీళ్ల దగ్గర మనుషుల జాతులయ్యాయి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, గొడవంతా దీనిమీదే.

సుమారు 180లో లియాన్ బిషప్ ఇరేనియస్ ఇచ్చిన జవాబు సూటిగా ఉంది: అపొస్తలులకు పరిపూర్ణులకే చెప్పాల్సిన రహస్యాలు తెలిసి ఉంటే, తాము సంఘాలనే అప్పగించిన బిషప్పులకు వాటిని ముందు చెప్పి ఉండేవారు కదా? పేర్లతో సహా రోమ్ బిషప్పుల వరస ఇచ్చి, ఇది బహిరంగ పరంపర, సరిచూసుకోండి అన్నాడు. ఆయన పక్షపాతి, ప్రత్యర్థుల మాటల్ని వెటకారంతో చెప్తాడు. అందుకే 1945 డిసెంబరులో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర దొరికిన 13 కోప్టిక్ (పాత ఈజిప్టు భాష) సంపుటాలు అంత ముఖ్యం. గ్నోస్టిక్కుల మాట వాళ్ల నోటే వినే వీలు అప్పుడు కలిగింది. 114 వాక్యాల తోమా సువార్త వాటిలోదే. "సజీవుడైన యేసు చెప్పిన రహస్య వాక్కులు" అన్న భావంతోనే అది మొదలవుతుంది. ఆ సంపుటాలు 4వ శతాబ్దపు ప్రతులు, లోపలి రచనలు కొన్ని అంతకంటే పాతవి. వాటిలో ప్రతిదీ గ్నోస్టిక్ రచన కూడా కాదు; ప్లేటో సంవాదంలోని ఒక ముక్క కూడా ఉంది.

మధ్యయుగాల మీదుగా త్వరగా వెళ్దాం. సుమారు 500 ప్రాంతంలో సిరియాలో ఎవరో, అపొస్తలుల కార్యములు 17:34లోని దియొనూసియు పేరు పెట్టుకుని రాసిన గ్రంథాలు తూర్పు, పడమర రెండింటి ధ్యాన సంప్రదాయాన్నీ మలిచాయి. వాటిలో 485లో చనిపోయిన గ్రీకు తత్త్వవేత్త ప్రొక్లస్ తాత్త్విక భాష ఉందని 1895లో ఇద్దరు జర్మన్ పండితులు విడివిడిగా నిరూపించారు. తూర్పున హెసికాస్ట్ (మౌనధ్యానం చేసే) సన్యాసుల యేసు ప్రార్థన, దానికి 14వ శతాబ్దంలో గ్రెగరీ పలామాస్ ఇచ్చిన సమర్థన ఉన్నాయి. ఇవి మార్మిక సాధనలు, సంఘం లోపలివి. వీటిని గుప్త సిద్ధాంతంతో కలపకండి. పడమర 1486లో ఇటలీ తత్త్వవేత్త పికో తన 900 ప్రతిపాదనల్లోకి యూదుల మార్మిక విద్య కబ్బాలాను తెచ్చాడు. జర్మనీలోని గోర్లిట్జ్‌లో చెప్పులు కుట్టే మార్మికుడు యాకబ్ బోమె 1612లో మొదటి గ్రంథం రాశాడు. 1614లో కాసెల్‌లో రోసిక్రూషియన్లనే గుప్త సంఘం పేరు మీద ప్రకటన అచ్చయింది. గుప్త సోదర సంఘం అన్న ఊహకు ఐరోపాలో బలం వచ్చింది ఇక్కడి నుంచి.

మూడో సంగతి మనకు దగ్గరిది. దివ్యజ్ఞాన సమాజం 1875లో న్యూయార్క్‌లో పుట్టి, 1882లో మద్రాసు అడయారుకు వచ్చింది. అదే ఏడు అన్నా కింగ్స్‌ఫర్డ్, ఎడ్వర్డ్ మైట్‌లాండ్ క్రైస్తవాన్ని ఈ దృష్టితో వివరించిన గ్రంథం వెలువడింది. 1901లో ఆ సమాజపు నాయకురాలు అనీ బెసెంట్ పుస్తకం సరిగ్గా ఎసొటెరిక్ క్రిస్టియానిటీ అన్న పేరుతోనే వచ్చింది. 1902లో రుడాల్ఫ్ స్టైనర్, 1909లో మాక్స్ హైండెల్ ఇదే దారిలో పుస్తకాలు తెచ్చారు. వీళ్ల మధ్య భేదాలున్నా మూలసూత్రం ఒకటే: అన్ని మతాల వెనకా ఒకే పురాతన జ్ఞానం ఉంది, క్రీస్తు కథ ఆత్మ ఎదుగుదలకు గుర్తు, పునర్జన్మ, కర్మ తొలి క్రైస్తవంలోనూ ఉండేవి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా తయారుచేయబూనింది కూడా ఈ ఆలోచనే. క్రీస్తుగా పనిచేసిన మైత్రేయుడు ఆయన శరీరం ద్వారా మళ్లీ వస్తాడని బెసెంట్, ఆమె సహచరుడు లెడ్‌బీటర్ ప్రకటించారు. ఆ రాకడ కోసం 1911లో పెట్టిన తారక సంఘాన్ని 1929లో హాలండ్‌లోని ఓమెన్‌లో కృష్ణమూర్తే రద్దు చేశాడు.

ఈ ధోరణిలో గౌరవించాల్సింది ఉంది. మతాన్ని లోపలి మార్పుగా చూడమనడం, ఎండిపోయిన ఉపదేశానికి ప్రాణం పోయాలనుకోవడం నిజాయితీగల కోరికలే. చిక్కు చరిత్ర దగ్గర వస్తుంది. బెసెంట్ యేసు క్రీ.పూ. 105లో పుట్టాడంటుంది, దానికి ఆధారం అతీంద్రియ దృష్టితో చదివిన దాఖలాలు. పొంతి పిలాతు యూదయను పాలించింది క్రీ.శ. 26 నుంచి 36 దాకా. సువార్తలే కాదు, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా క్రీస్తు శిక్షను పిలాతు కాలంలోనే పెట్టాడు. రెండూ కలవవు. ఆమె క్లెమెంట్ నుంచి, ఓరిజెన్ నుంచి ఉదాహరించిన వాక్యాలు నిజమైనవే. వాటికి కట్టిన అర్థం ఆమెది.

ఏ వాదన ఎదురైనా మూడు ప్రశ్నలు వేయండి: ఈ మాట మొదట ఏ ఏడు కనిపిస్తుంది, ఆధారం చూపించిన ప్రతి ఎంత పాతది, వాదన చెప్పే సంఘటనకు ముందున్న ప్రతులు ఏమంటున్నాయి. ఎక్కువగా తిరిగే వాదన, 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ బైబిల్లోంచి పునర్జన్మను తీసేసిందని. వాటికన్, సైనాయ్ అనే బైబిల్ చేతిరాత ప్రతులు 4వ శతాబ్దానివి, అంటే ఆ సభకు 200 ఏళ్ల ముందువి. వాటిలోనూ అలాంటి వాక్యాలు లేవు. ఆ సభ కాలంలో ఖండించింది ఓరిజెన్ పేరు మీదున్న ఆత్మల పూర్వ అస్తిత్వ బోధను. పుట్టకముందు ఆత్మ ఉండటం వేరు, మళ్లీ మళ్లీ పుట్టడం వేరు. బాప్తిస్మమిచ్చే యోహానే ఏలీయా అన్న మత్తయి వాక్యాన్ని వివరిస్తూ ఓరిజెనే దేహాంతర ప్రాప్తిని సంఘానికి పరాయి బోధ అన్నాడు.

325 నైసియా సభ సువార్తల్ని ఏరి మిగతావి తగలబెట్టిందన్నది ఇంకొకటి. ఆ సభ చేసిన 20 కట్టడల్లో లేఖనాల జాబితాయే లేదు. ఇప్పటి 27 కొత్త నిబంధన పుస్తకాలను సరిగ్గా జాబితా చేసిన మొదటి ఉత్తరం అలెగ్జాండ్రియా బిషప్ అథనేషియస్‌ది, 367లోది. యేసు లడఖ్‌లోని హెమిస్ మఠానికి వచ్చాడన్న కథ 1894లో నోటోవిచ్ అనే రష్యన్ రచయిత పారిస్‌లో అచ్చువేసింది. మరుసటి ఏడు ఆగ్రా కళాశాల అధ్యాపకుడు డగ్లస్ అక్కడికి వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథం తమ దగ్గర లేదని మఠాధిపతి చెప్పాడు.

చేరమని పిలిచే సంఘాల విషయంలో ఒక మాట. మెట్టుమెట్టుకూ రుసుము, బయట చెప్పనని ప్రమాణం అడిగితే ఆగండి. పాత సంఘంలో గోప్యత బాప్తిస్మంతో తీరిపోయేది. 4వ శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లోని ఎల్విరా సభ, బాప్తిస్మం పొందేవాళ్లు పాత్రలో నాణేలు వేసే అలవాటును కూడా మాన్పించింది.

చదవాలనుకుంటే బెసెంట్‌ను చివరికి పెట్టుకోండి. ముందు ఆమెను చదివితే క్లెమెంట్ మాటలు ఆమె అర్థంలోనే మనసులో నిలిచిపోతాయి. మార్కు 4, 1 కొరింథీయులకు 2–3, తర్వాత జస్టిన్ విన్నపంలో 61 నుంచి 67 అధ్యాయాలు, సిరిల్ 5 ప్రసంగాలు, అక్కడి నుంచి ఓరిజెన్. తోమా సువార్తను ఇరేనియస్ పక్కన పెట్టుకుని చదవండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాత ఇంగ్లీషు అనువాదాల్లో రెండు జాగ్రత్తలు. క్లెమెంట్ పెద్ద గ్రంథం 3వ భాగాన్ని 19వ శతాబ్దపు అనువాదకులు లైంగిక విషయాలున్నాయని లాటిన్‌లోనే వదిలేశారు. గ్నోస్టిక్కుల ఆచరణ మీద ఆయన చర్చ ఎక్కువగా అందులోనే ఉంది, కాబట్టి కొత్త అనువాదం వెతుక్కోవాలి. ఓరిజెన్ మూలసూత్రాల గ్రంథం గ్రీకులో చాలావరకు పోయింది. మిగిలింది రుఫినస్ లాటిన్ అనువాదం. అనుమానం వచ్చిన చోట్ల తాను సర్దానని ఆయనే ముందుమాటలో ఒప్పుకున్నాడు. లేఖనానికి మూడు పొరలున్నాయన్న 4వ భాగం మాత్రం చాలావరకు గ్రీకులో నిలిచింది. అనువాదంలో గ్రీకు పాఠం, లాటిన్ పాఠం రెండూ పక్కపక్కన ఇచ్చిన ప్రతి దొరికితే దాన్నే తీసుకోండి, ఓరిజెన్ ఎక్కడ మాట్లాడుతున్నాడో, రుఫినస్ ఎక్కడ సర్దుతున్నాడో కళ్లారా కనిపిస్తుంది.